వెనక యాక్సిల్ గేర్ రేషియో: హౌసింగ్ విప్పకుండానే పళ్ళ లెక్క తేల్చడం ఎలా

పెద్ద సైజు టైర్లు వేయించాక స్పీడోమీటర్ ఎంత తేడా చూపిస్తోందో లెక్క కట్టాలన్నా, హైవే మీద ఇంజన్ ఎందుకంత రేజ్ అవుతోందో తెలుసుకోవాలన్నా, పాత బండికి క్రౌన్ వీల్, పినియన్ సెట్టు (యాక్సిల్ లోపలి గేర్ల జత) వెతకాలన్నా ముందు ఒక అంకె చేతిలో ఉండాలి. అదే వెనక యాక్సిల్ గేర్ రేషియో. మాన్యువల్‌లో ఉంటుంది కదా అనుకోవచ్చు. ఉంటుంది, కానీ అది ఫ్యాక్టరీలో బిగించిన గేర్ల సంగతి. చేతులు మారిన బండిలో ఇప్పుడు కూడా అవే గేర్లు ఉన్నాయో, మధ్యలో ఎవరైనా వేరే యాక్సిల్ ఎక్కించారో బయటి నుంచి చూస్తే తెలియదు.

ఎవరినడిగినా చెప్పే చిట్కా ఒకటుంది: చక్రం ఎత్తి రెండు చుట్లు తిప్పు, కింద ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో చూడు. చిట్కా తప్పు కాదు. కాకపోతే దాంతో వచ్చే జవాబు ‘మూడున్నర పైన కొంచెం’ అన్నట్టు ఉంటుంది. 3.55 కూడా మూడున్నర పైనే, 3.73 కూడా మూడున్నర పైనే. గేర్లు కొనడానికి వెళ్ళినవాడికి ఆ జవాబు ఎందుకూ పనికిరాదు. అదే చిట్కాను ఇంకొంచెం ఓపిగ్గా చేస్తే, కవరు విప్పకుండానే క్రౌన్ వీల్‌కి ఎన్ని పళ్ళో, పినియన్‌కి ఎన్ని పళ్ళో తేల్చేయొచ్చు. పది నిమిషాల పని గంట పడుతుంది, అంతే తేడా.

ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుంది

గేర్‌బాక్స్ నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర, యాక్సిల్ హౌసింగ్ లోపల, పినియన్ అనే చిన్న గేరు ఉంటుంది. అది క్రౌన్ వీల్ అనే పెద్ద గేరును తిప్పుతుంది. క్రౌన్ వీల్ పళ్ళను పినియన్ పళ్ళతో భాగిస్తే వచ్చేదే రేషియో. క్రౌన్ వీల్‌కి 41, పినియన్‌కి 10 ఉంటే 4.10. అంటే షాఫ్ట్ 4.1 చుట్లు తిరిగితే క్రౌన్ వీల్ ఒక చుట్టు తిరుగుతుంది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, పళ్ళు ఎప్పుడూ పూర్తి సంఖ్యలే. 41 ఉంటాయి, 43 ఉంటాయి, 41న్నర ఉండవు. కాబట్టి రేషియో కూడా ఇష్టమొచ్చిన దశాంశం కాదు. తరచుగా కనిపించేవి ఇవి: 40/13 అయితే 3.08, 41/12 అయితే 3.42, 39/11 అయితే 3.55, 41/11 అయితే 3.73, 43/11 అయితే 3.91, 41/10 అయితే 4.10, 37/9 అయితే 4.11, 43/10 అయితే 4.30, 41/9 అయితే 4.56, 39/8 అయితే 4.88. ఒక్కో యాక్సిల్‌కి కంపెనీ తయారు చేసేది వీటిలో గుప్పెడే. మనం కొలవాల్సింది దశాంశాలను కాదు, ఈ గుప్పెడులో ఏది మనదో తేల్చుకోవాలి.

ఇంకో సంగతి డిఫరెన్షియల్. మలుపులో లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగడానికి వీలు కల్పించేది అదే. దాని లెక్క ఎప్పుడూ ఒక్కటే: క్రౌన్ వీల్ తిరిగిన చుట్లు, రెండు చక్రాల చుట్ల సగటు. ఒక చక్రం కదలకుండా ఉండి, రెండోది రెండు చుట్లు తిరిగితే సగటు ఒకటి. అందుకే ఆ చిట్కాలో ‘రెండు చుట్లు’. ఈ సగటు సూత్రం పట్టుకుంటే ఎలాంటి డిఫరెన్షియల్ వచ్చినా తికమక ఉండదు.

ముందు రేకు, స్టిక్కర్ చూడండి

కింద దూరే ముందు రెండు నిమిషాలు వీటి మీద పెట్టండి. డ్రైవర్ డోరు ఫ్రేము మీదో, బానెట్ కింద ఉండే ప్లేటు మీదో యాక్సిల్ కోడ్ ఉండొచ్చు. పాత జీఎం (జనరల్ మోటార్స్) బండ్లలో చాలావాటికి గ్లవ్‌బాక్స్‌లో ఆప్షన్ కోడ్ల స్టిక్కర్ ఉంటుంది. అందులో జీయూ6 అంటే 3.42, జీటీ4 అంటే 3.73. ఫోర్డ్ యాక్సిళ్ళలో చాలావాటికి కవరు బోల్టుకి చిన్న రేకు తగిలించి ఉంటుంది. దాని మీద ‘3 73’ అని ఉంటే మామూలు డిఫరెన్షియల్, మధ్యలో ఎల్ అక్షరం పెట్టి ‘3ఎల్73’ అని ఉంటే లిమిటెడ్ స్లిప్, అంటే రెండు చక్రాల వేగాల్లో తేడాను అదుపులో పెట్టే రకం. మిగతా కంపెనీల కోడ్లు సర్వీస్ మాన్యువల్ తిరగేస్తే దొరుకుతాయి.

ఇవన్నీ పుట్టినప్పటి వివరాలని మర్చిపోవద్దు. దొరికిన అంకెను ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, కొలత దాంతో సరిపోతుందో లేదో చూడండి. సరిపోతే మంచిదే, లేకపోతే కొలతనే నమ్మాలి.

బండి ఎత్తే ముందు

కావాల్సినవి: జాకీ, స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే గట్టి దిమ్మలు, సుద్దముక్క, మాస్కింగ్ టేపు, పొడుగాటి కాగితం పట్టీ, స్కేలు, రెండు తీగ ముక్కలు, వీడియో తీయడానికి ఫోను. పక్కన ఒక మనిషి ఉంటే సగం పని సులువు.

ఈ పనిలో ఉన్న అసలు ప్రమాదం వేరే. కొలత కోసం గేర్‌బాక్స్ న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు దించి ఉండాలి. అంటే బండిని మామూలుగా ఆపి ఉంచేవి రెండూ మనమే తీసేస్తున్నాం. ఇక దాన్ని ఆపేవి ముందు చక్రాల దగ్గర పెట్టిన దిమ్మలు మాత్రమే. కాబట్టి నేల సమతలంగా, గట్టిగా ఉండాలి. దిమ్మలు రెండు ముందు చక్రాలకూ, ముందొకటి వెనకొకటి చొప్పున, టైరుకి ఆనేలా బిగించి పెట్టాలి. బండి బరువు జాకీ మీద వదిలేసి కిందకి దూరడం అనే మాటే వద్దు. స్టాండు మీద దించి, పక్కకి మారి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. స్టాండు కదిలినా, కిర్రుమన్నా మళ్ళీ సర్దాలి. సైలెన్సర్ పైపు షాఫ్ట్ పక్కనుంచే పోతుంది గనక బండి పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. తాళం చెవి జేబులో ఉండాలి.

ఆటోమేటిక్ బండి అయితే ‘పి’లో ఉంచితే షాఫ్ట్ బిగుసుకుపోతుంది, ‘ఎన్’లోకి మార్చాలి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే టూ వీల్‌లోకి తెచ్చుకోండి.

మీది ఏ రకం డిఫరెన్షియల్

వెనక చక్రాలు రెండూ ఎత్తి, రెండు స్టాండ్ల మీద దించి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. రెండోది ఎదురు దిశలో తిరిగితే అది మామూలు ఓపెన్ రకం. రెండూ ఒకే దిశలో కలిసి తిరిగితే లిమిటెడ్ స్లిప్ గానీ లాక్ అయినది గానీ అయ్యే అవకాశం ఎక్కువ. ఓపెన్ రకంలో కూడా బ్రేకులు కొంచెం పట్టేయడం, ఆయిల్ చిక్కగా ఉండటం వంటి కారణాల వల్ల అప్పుడప్పుడూ రెండూ ఒకే దిశలో తిరుగుతాయి. అనుమానం వస్తే షాఫ్ట్ కదలకుండా గేరులో వేసి మళ్ళీ తిప్పండి. ఓపెన్ అయితే తేలిగ్గా తిరుగుతుంది, రెండోది ఎదురు తిరుగుతుంది. లిమిటెడ్ స్లిప్ అయితే చాలా బలం పెట్టాలి, లేదా అసలు కదలదు.

ఈ పరీక్ష అన్నిసార్లూ నిజం చెప్పదు. లోపలి ప్లేట్లు అరిగిపోయిన లిమిటెడ్ స్లిప్ అచ్చం ఓపెన్ లాగే ప్రవర్తిస్తుంది. రెండు చక్రాల వేగాల్లో తేడా బాగా పెరిగితే తప్ప లాక్ కాని రకాలు కూడా ఉన్నాయి, చేత్తో తిప్పినప్పుడు అవీ ఓపెన్ లాగే కనిపిస్తాయి. మన కొలతకి అది అడ్డం కాదు. చేత్తో తిప్పినప్పుడు ఏ చక్రం ఎంత తిరిగిందన్నదే మనకి కావాలి. బండి పుట్టుక గురించి తీర్పు చెప్పక్కర్లేదు.

కొలత

ఓపెన్ రకం అనుకుని చెబుతున్నాను, మిగతావాటి సంగతి తరవాత.

1. ఒక వెనక చక్రం నేల మీదే ఉంచి, రెండోది నాలుగైదు సెంటీమీటర్లు లేచేలా ఎత్తండి. యాక్సిల్ గొట్టం కింద స్టాండు పెట్టి దించండి. చక్రాలు దేనికవే కదిలే సస్పెన్షన్ అయితే బాడీకి కంపెనీ చూపించిన చోట పెట్టాలి. న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు కిందకి.

2. లేచిన చక్రం టైరు పక్క గోడ మీద, అంచు దగ్గర, సన్నటి సుద్దగీత గీయండి. మడ్‌గార్డ్ నుంచి ఒక దారానికి నట్టు కట్టి వేలాడదీయండి. గీత సరిగ్గా దారం వెనక్కి వచ్చినప్పుడు ఒక చుట్టు పూర్తయినట్టు. నేల మీద గుర్తు పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. తల కొంచెం అటూ ఇటూ అయితే అది మారిపోతుంది, దారం చాలా నయం.

3. ప్రొపెల్లర్ షాఫ్ట్ యాక్సిల్‌లోకి వెళ్ళే చోట, జాయింట్‌కి కొంచెం ముందు, షాఫ్ట్‌ని గుడ్డతో తుడవండి. కాగితం పట్టీని దాని చుట్టూ చుట్టి, సరిగ్గా ఒక చుట్టు ఉండేలా కత్తిరించండి. బల్ల మీద పరిచి స్కేలుతో పది సమాన భాగాలు చేసి 0 నుంచి 9 వరకు అంకెలు వేయండి. షాఫ్ట్ చుట్టుకొలత 24 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో భాగం 24 మిల్లీమీటర్లు. పట్టీని మళ్ళీ షాఫ్ట్‌కి చుట్టి టేపు వేయండి. చక్రాన్ని కొంచెం తిప్పి చూసి, పట్టీ ముందున్న పాయింటర్ దాటే అంకెలు 0, 1, 2 అని పెరుగుతూ పోతున్నాయో లేదో చూసుకోండి. తగ్గుతుంటే పట్టీని తిరగేసి అతికించండి. ఇది ఇప్పుడే చూసుకోకపోతే 0.3 బదులు 0.7 చదువుతారు.

4. ఒక తీగ ముక్కను యాక్సిల్ హౌసింగ్‌కే టేపుతో అంటించి, దాని మొన పట్టీకి తగలకుండా దగ్గరగా వచ్చేలా వంచండి. బాడీకి కట్టొద్దు. బాడీ స్ప్రింగుల మీద ఊగుతుంది, హౌసింగ్ ఊగదు. ఫోన్‌ను తీగా పట్టీ రెండూ కనిపించేలా పెట్టి వీడియో మొదలుపెట్టి, బయటికి వచ్చేయండి. కొలత సాగుతున్నంతసేపూ బండి కింద మనిషి ఉండాల్సిన పని లేదు.

5. నేల మీదున్న చక్రానికి కూడా టైరు మీదా నేల మీదా కలిసేలా ఒక గీత గీయండి. అది మధ్యలో కదిలితే లెక్కంతా వృథా. కదల్లేదని చివర్లో చూసుకోవాలి.

6. చక్రాన్ని ముందుకు తిప్పుతూ లోపలి ప్లే అంతా తీసేయండి. గేర్ల మధ్య, స్ప్లైన్ల మధ్య, జాయింట్లలో కొంచెం కొంచెం ఖాళీ ఉంటుంది, అదంతా కలిసి చక్రం దగ్గర బాగానే తెలుస్తుంది. ప్లే తీరి షాఫ్ట్ కదలడం మొదలయ్యాక, గీత దారం వెనక్కి రాగానే ఆగి, తీగ మొన 0 మీద ఉండేలా పట్టీని జరపండి. ఇక ఇక్కడి నుంచి ఒకే దిశ. గీత దారం దాటి పోయిందని కొంచెం వెనక్కి తిప్పి సరిపెట్టకూడదు. దాటిపోతే మరో చుట్టు వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందు దిశలోనే గీత దగ్గరికి రావాలి.

7. నెమ్మదిగా తిప్పండి. రెండు చుట్లు పూర్తయిన ప్రతిసారీ ఆగి, పైకి గట్టిగా ‘ఒకటి’, ‘రెండు’ అని చెప్పండి. వీడియోలో ఆ గొంతు పడుతుంది, తరవాత చూసేటప్పుడు ఏ ఆగడం ఎన్నోదో వెతుక్కోనక్కర్లేదు. రెండు చుట్లంటే క్రౌన్ వీల్‌కి ఒక చుట్టు.

గుర్తు తిరిగొచ్చే చోటు

ఇప్పుడు వీడియో చూస్తూ ప్రతి ఆగడం దగ్గరా షాఫ్ట్ పూర్తి చుట్లు, పట్టీ మీద మిగిలిన భాగం రాయండి. 41/10 యాక్సిల్ అయితే ఇలా వస్తుంది: 4.1, 8.2, 12.3, 16.4, 20.5... పదోసారి ఆగినప్పుడు సరిగ్గా 41.0. చక్రం గీత దారం వెనక, తీగ మొన 0 మీద, రెండూ ఒకేసారి.

ఇది కాకతాళీయం కాదు. క్రౌన్ వీల్ పది చుట్లు తిరిగితే 410 పళ్ళు దాటుతాయి. పినియన్‌కి పది పళ్ళు కాబట్టి అది సరిగ్గా 41 చుట్లు తిరిగి మొదటి చోటికే వస్తుంది. అంతకంటే ముందు ఎక్కడా రెండు గుర్తులూ కలవవు, ఎందుకంటే 41కీ 10కీ ఒకటి తప్ప ఉమ్మడిగా భాగించే అంకె లేదు. అంటే గుర్తులు రెండూ మొదటిసారి కలిసినప్పుడు, క్రౌన్ వీల్ చుట్ల సంఖ్యే పినియన్ పళ్ళ సంఖ్య, షాఫ్ట్ చుట్ల సంఖ్యే క్రౌన్ వీల్ పళ్ళ సంఖ్య. హౌసింగ్ మూత ముట్టుకోకుండానే లోపలి పళ్ళు లెక్కపెట్టేశాం. ఈ మొత్తం పనిలో నాకు నచ్చే ఘట్టం ఇదే.

41/11 అయితే పట్టీ మీది భాగాలు సుమారుగా ఈ వరుసలో వస్తాయి: 0.73, 0.45, 0.18, 0.91, 0.64, 0.36, 0.09, 0.82, 0.55, 0.27, పదకొండోసారికి 0. నాలుగోసారీ ఏడోసారీ గుర్తు 0కి బాగా దగ్గరికి వస్తుంది, అక్కడే కలిసిపోయిందని తొందరపడకండి. ఆ తేడా చుట్టులో పదకొండో వంతు, అంటే 33 డిగ్రీలు. పట్టీ మీద రెండు సెంటీమీటర్ల పైమాటే.

మన చేతి తప్పు ఎంత ఉంటుందో కూడా చూద్దాం. టైరు చుట్టుకొలత 220 సెంటీమీటర్లు అనుకుందాం. గీత దగ్గర రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ ఆగామనుకోండి, అది చక్రానికి దాదాపు 3.3 డిగ్రీలు. క్రౌన్ వీల్‌కి అందులో సగం. దాన్ని 4.1తో గుణిస్తే షాఫ్ట్ దగ్గర 7 డిగ్రీల లోపే. వెతుకుతున్న తేడా 33 డిగ్రీలు, మన తప్పు 7. కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తే పొరపాటు పడే అవకాశం తక్కువ. పైగా ప్రతిసారీ గీతను కొత్తగా కలుపుతున్నాం గనక ఈ తప్పు చుట్టు చుట్టుకీ పోగుపడదు.

అదే క్రౌన్ వీల్ ఒక్క చుట్టుతో సరిపెట్టి, షాఫ్ట్ చుట్టులో ఎనిమిదో వంతు కంటితో అంచనా వేస్తే 0.12 తప్పు వస్తుంది. చక్రం ఒకే చుట్టు తిప్పి వచ్చినదాన్ని రెట్టింపు చేసేవాళ్ళకి ఆ తప్పు కూడా రెట్టింపై 0.25 అవుతుంది. 3.55కీ 3.73కీ మధ్య దూరమే 0.18.

దగ్గరి చుట్టాల్ని విడదీయడంలో ఈ పద్ధతి సత్తా తెలుస్తుంది. 4.10, 4.11 అనేవాటిని ఏ లెక్కలోనైనా ఒకటిగానే చూస్తారు, నడపడానికి ఒకటే కూడా. కానీ గేర్లు కొనేటప్పుడు 41/10, 37/9 రెండూ వేరు వేరు సరుకులు. 37/9లో తొమ్మిదోసారి ఆగినప్పుడు 37 చుట్లకి గుర్తులు కలుస్తాయి. 41/10లో తొమ్మిదోసారికి 36.9 దగ్గర ఉంటాం, పట్టీలో ఒక పూర్తి భాగం తక్కువ. తేడా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఉమ్మడిగా భాగించే అంకె ఉన్న జతలు కొన్ని ఉన్నాయి. 39/9లో రెంటినీ మూడు భాగిస్తుంది, కాబట్టి మూడోసారికే, 13 చుట్లకి, గుర్తులు కలుస్తాయి. 13/3 పళ్ళున్న గేర్లు ఎక్కడా ఉండవు గనక, మూడు రెట్లు చేసి 39/9 అని అర్థం చేసుకోవాలి. ఎక్కువ స్పీడు కోసం చేసిన యాక్సిళ్ళలో పినియన్ పళ్ళు ఎక్కువ ఉంటాయి. 41/15 అయితే 2.73, 41/17 అయితే 2.41. కాబట్టి పదమూడు దాటినా కలవలేదని ఆపేయకుండా పదిహేడు దాకా చూడండి. అప్పటికీ కలవకపోతే చుట్టు ఎక్కడో లెక్క తప్పింది, లేదా నేల మీది చక్రం కదిలింది.

చక్రాలు కలిసి తిరిగితే

లిమిటెడ్ స్లిప్ గానీ లాక్ అయిన యాక్సిల్ గానీ అయితే చక్రాలు రెండూ ఎత్తాలి. రెండూ కలిసి తిరుగుతాయి కాబట్టి చక్రం ఒక చుట్టు తిరిగితే క్రౌన్ వీల్‌కీ ఒక చుట్టే. మిగతా అంతా పైన చెప్పినట్టే. రెండో చక్రానికి కూడా గీత, దారం పెట్టుకోండి. మధ్యలో అది కొంచెం జారితే ఇక్కడే దొరుకుతుంది. జారినా కొంప మునగదు, సగటు తీయడమే. ఎడమది 6, కుడిది 2 చుట్లు ఒకే దిశలో తిరిగితే క్రౌన్ వీల్ 4 చుట్లు. ఎడమది ముందుకి 6, కుడిది వెనక్కి 1 తిరిగితే ఆరులోంచి ఒకటి తీసి సగం చేయాలి, 2.5 చుట్లు.

జాకీ లేకుండా

సమతలంగా ఉన్న నేల పదిహేను, ఇరవై మీటర్లు దొరికితే బండి ఎత్తకుండానే పని జరుగుతుంది. తిన్నగా తోస్తే రెండు వెనక చక్రాలూ సమానంగా తిరుగుతాయి, కాబట్టి డిఫరెన్షియల్ ఏ రకమైనా మనకు అనవసరం. షాఫ్ట్‌కి అదే కాగితం పట్టీ, హౌసింగ్‌కి అదే తీగ. ఫోన్‌ను బండి అడుగున ఏ బ్రాకెట్‌కో గట్టిగా కట్టి వీడియో పెట్టండి. స్టీరింగ్ తిన్నగా ఉంచి, న్యూట్రల్‌లో, ఒకరు సీట్లో బ్రేకు మీద కాలుంచి కూర్చుంటే మిగతావాళ్ళు నెమ్మదిగా తోయాలి. చక్రం ఒక్కో చుట్టు పూర్తవగానే ఆగి గట్టిగా చెప్పాలి.

చోటు తక్కువై అయిదు చుట్లకే ఆపాల్సి వచ్చినా 4.10కి 20.5, 3.91కి 19.5 వస్తుంది, పక్కపక్క రేషియోలు విడిపోతాయి. నిజానికి ఎత్తిన బండి కింద చేతులు పెట్టడానికి జంకేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఈ పద్ధతే. ఇదే సందులో టైరు ఒక చుట్టుకి బండి ఎంత దూరం వెళ్తోందో కూడా టేపుతో కొలిచి పెట్టుకోండి, కింది లెక్కకి పనికొస్తుంది.

రోడ్డు మీద లెక్క

కిందకి దూరడం అస్సలు కుదరకపోతే ఇంజన్ ఆర్‌పీఎం, వేగం, టైరు చుట్టుకొలత, గేరు రేషియో తెలిస్తే చాలు:

యాక్సిల్ రేషియో = 0.06 × ఆర్‌పీఎం × టైరు చుట్టు దూరం ÷ (వేగం × గేరు రేషియో)

దూరం మీటర్లలో, వేగం గంటకు కిలోమీటర్లలో. వెనక చక్రాలు నడిపే అయిదు గేర్ల మాన్యువల్ బండ్లలో చాలావాటికి నాలుగో గేరు 1.00, అంటే షాఫ్ట్ ఇంజన్‌తో సమానంగా తిరుగుతుంది. మీ బండికి అవునో కాదో మాన్యువల్‌లో చూసుకుని ఆ గేరులోనే నడపండి.

ఉదాహరణకి 215/75 ఆర్15 టైరు. కాగితం మీద లెక్కేస్తే దీని వ్యాసం 703.5 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2.21 మీటర్లు. కానీ బరువు పడినప్పుడు టైరు కొంచెం నొక్కుకుపోతుంది, కాబట్టి నిజంగా దొర్లే దూరం దానికంటే రెండు, మూడు శాతం తక్కువ. నేల మీద కొలిస్తే 2.14 మీటర్లు వచ్చిందనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర, నాలుగో గేరులో, 2,550 ఆర్‌పీఎం ఉంటే 0.06 × 2,550 × 2.14 ÷ 80 = 4.09. మనది 4.10 కుటుంబం.

వేగం ఫోన్‌లో జీపీఎస్ నుంచి తీసుకోండి. స్పీడోమీటర్లు సాధారణంగా అసలు కంటే కొంచెం ఎక్కువే చూపిస్తాయి. ఆర్‌పీఎం ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్ అంకెలు చదివే పరికరం) నుంచి వస్తే ముల్లు కంటే నమ్మకం. అంకెలు చదివేది పక్కన కూర్చున్నవాళ్ళే, డ్రైవర్ కాదు. ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్‌తో శక్తిని అందించే భాగం) లాక్ కాకపోతే ఇంజన్ కొంచెం ఎక్కువ తిరుగుతుంది, రేషియో ఎక్కువ వస్తుంది. అన్నీ జాగ్రత్తగా చేసినా ఈ లెక్కలో ఒకటి రెండు శాతం తేడా ఉంటుంది. 3.91 నుంచి 4.10ని విడదీస్తుంది, 4.10 నుంచి 4.11ని విడదీయలేదు.

కవరు విప్పే పని ఎలాగూ ఉంటే

యాక్సిల్ ఆయిల్ మార్చే సమయం వస్తే ఇంత తంటా అక్కర్లేదు. క్రౌన్ వీల్ అంచు మీద ‘41 11’ లాంటి అంకెలు గుద్ది ఉంటాయి. వాటి పక్కనే జత నంబరు, తేదీ లాంటివి కూడా ఉంటాయి కాబట్టి, పెద్ద అంకెను చిన్నదానితో భాగించి వచ్చినది నమ్మేలా ఉందో లేదో చూడండి. కనపడకపోతే ఒక పన్ను మీద రంగు చుక్క పెట్టి, తిప్పుతూ లెక్కపెట్టడమే.

పాత ఆయిల్ వదిలే ముందు పైన ఆయిల్ పోసే ప్లగ్గు ఊడి వస్తోందో లేదో చూసుకోండి. ఆయిలంతా కారిపోయాక అది తుప్పు పట్టి కదలదని తెలిస్తే బండి అక్కడే పడి ఉంటుంది. కొత్త గ్యాస్కెట్, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్ దగ్గర పెట్టుకుని మొదలెట్టండి. ఎక్కువ యాక్సిళ్ళకి అది జీఎల్-5 రకమే. ప్లేట్లున్న లిమిటెడ్ స్లిప్ అయితే ప్లేట్లు సాఫీగా జారేలా చేసే ఫ్రిక్షన్ మాడిఫయర్ కూడా కలపాల్సి రావచ్చు. కొన్ని యాక్సిళ్ళకి వెనక కవరే ఉండదు, గేర్లన్నీ ముందువైపు నుంచి ఒక ముద్దగా ఊడి వస్తాయి. వాటి విషయంలో సుద్దగీత, కాగితం పట్టీయే మేలు.

మిగిలిన సంగతులు

ముందు చక్రాలు నడిపే బండ్లలో బయటికి కనిపించే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉండదు. మాన్యువల్ అయితే స్పార్క్ ప్లగ్గులు తీసి, తెలిసిన గేరులో వేసి, చక్రం తిప్పుతూ ఇంజన్ పుల్లీ చుట్లు లెక్కపెట్టాలి. వచ్చినదాన్ని ఆ గేరు రేషియోతో భాగిస్తే ఫైనల్ డ్రైవ్, అంటే చివరి గేరు జత రేషియో, వస్తుంది. చక్రాల దగ్గర హబ్‌లో అదనంగా గేర్లున్న బండ్లలో పై పద్ధతులన్నీ రెండూ కలిపిన మొత్తం రేషియో చెబుతాయి, అక్కడ పళ్ళ లెక్క నేరుగా రాదు.

ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు యాక్సిల్‌కి కూడా ఇదే కొలత విడిగా చేయండి. దాని షాఫ్ట్ కూడా బయటికే కనిపిస్తుంది కాబట్టి పద్ధతి మారదు. ముందు హబ్‌లు లాక్ చేసి ఉండాలి, లేకపోతే చక్రం తిరిగినా షాఫ్ట్ కదలదు. రెండు యాక్సిళ్ళ రేషియోలు వేరైతే, గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేయగానే షాఫ్టులు మెలిపడినట్టు బిగుసుకుంటాయి, పోయేది ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక యాక్సిళ్ళకి పంచే గేర్ల పెట్టె). సెకండ్ హ్యాండ్‌లో యాక్సిల్ కొనేటప్పుడు కూడా అంతే. విడిగా పడి ఉన్న యాక్సిల్‌కి జాకీ, దిమ్మలు ఏమీ అక్కర్లేదు, ఒక వైపు హబ్ పట్టుకుని రెండో వైపు తిప్పుతూ పినియన్ ఫ్లాంజ్ చూసుకుంటే చాలు. డబ్బులిచ్చే ముందే చేయండి. క్రౌన్ వీల్, పినియన్ మాత్రమే విడిగా కొంటుంటే పళ్ళతో పాటు రెండింటి మీదా గుద్దిన జత నంబరు ఒకటేనా కాదా చూడండి. అవి ఒకదానితో ఒకటి నూరి జతకట్టినవి. పళ్ళు సరిపోయినా జత నంబరు కలవకపోతే తీసుకోవద్దు.